ఫ్రాన్స్ పల్లెల్లో కార్లు రాని కంకర బాటలు: మే సెలవులకు ఎటు వెళ్లమంటారు?

సుధ_లియాన్ | 2024 ఫిబ్రవరి 11

అందరికీ నమస్కారం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. మూడేళ్లుగా లియాన్‌లో ఉంటున్నాం. పోయిన సెప్టెంబరులో గ్రావెల్ బైక్, అంటే కంకర బాటల మీద కూడా తొక్కగల సైకిల్, కొనుక్కున్నాను. 40 మిల్లీమీటర్ల టైర్లు. కొన్న రెండు నెలలు ఎంత సంబరంగా తిరిగానో చెప్పలేను.

నవంబరులో ఒక ఆదివారం ఊరు దాటి డిపార్ట్‌మెంటల్ రోడ్డు ఎక్కాను. అక్కడ కార్లు 80లో వెళ్తాయి. ఒక వ్యాన్ నా మోచేతికి జానెడు దూరంలో దూసుకుపోయింది. ఊరి బయట సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర వదలాలని ఇక్కడ చట్టమే ఉంది. కింద పడలేదు గానీ పక్కనే గడ్డిలో కూర్చుండిపోయాను. అప్పటినుంచి వెనక ఇంజన్ చప్పుడు వినిపిస్తే చాలు, చేతులు బిగుసుకుపోతున్నాయి. సైకిల్ మానేయడం నాకిష్టం లేదు.

ఈసారి మే 8 బుధవారం, 9 గురువారం రెండూ సెలవులే. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు వెళ్దామనుకుంటున్నాం. రోజుకి 40, 50 కిలోమీటర్లు. మావారిది పాత హైబ్రిడ్ సైకిల్, 35 టైర్లు. మాకు కారు లేదు, రైల్లోనే వెళ్లాలి. టెంట్ వద్దు. కార్లు అసలు రాని దారి కావాలి, "తక్కువ వస్తాయి" అన్నది కాదు. దయచేసి మీరు స్వయంగా తొక్కిన దారులే చెప్పండి.

శ్రీను_తులూజ్ | ఫిబ్రవరి 11

సుధ గారూ, దారి ఎంచుకునే ముందు బోర్డుల మీద రెండు మాటలు వేరుచేసి చూడటం అలవాటు చేసుకోండి. ఒకటి "వ్వా వెర్త్", అంటే పచ్చబాట. 2004లో దీన్ని ఇక్కడి ట్రాఫిక్ చట్టంలోనే చేర్చారు. మోటారు లేని బండ్లు, నడిచేవాళ్లు, గుర్రం మీద వెళ్లేవాళ్లు మాత్రమే రావాలి. బ్యాటరీ సాయంతో నడిచే సైకిళ్లకు అనుమతి ఉంది. రెండోది "వెలోరూత్". ఇది సైకిళ్ల కోసం బోర్డులు పెట్టి కలిపిన పొడవైన దారి. అందులో పచ్చబాటలూ ఉంటాయి, కార్లు తిరిగే చిన్న రోడ్లూ ఉంటాయి. మ్యాప్‌లో రెండూ ఒకే ఆకుపచ్చ గీతలా కనిపిస్తాయి. మొదటి ఏడాది నేను అలాగే మోసపోయాను.

మీరు అడిగింది మొదటి రకం. అవి ఎక్కువగా రెండు చోట్ల దొరుకుతాయి: పట్టాలు పీకేసిన పాత రైలు కట్టల మీద, కాలువ గట్ల మీద. మూడోది అడవి శాఖ దారులు. వాటికి గేటు వేసి ఉంటుంది, గేటు పక్క సందులోంచి సైకిల్ వెళ్తుంది. ఒంటరి దారులు, బోర్డులు తక్కువ. మొదటిసారికి వద్దు.

నాగేశ్వరరావు_నాంత్ | ఫిబ్రవరి 12

అమ్మా సుధా, నేను పదహారేళ్లుగా ఇక్కడే ఉన్నాను. వయసు అరవై రెండు. నా మాట వింటే నాంత్-బ్రెస్త్ కాలువ గట్టు పట్టుకో. మొత్తం 364 కిలోమీటర్లు. నేను మూడు విడతలుగా పూర్తిచేశాను.

నెపోలియన్ కాలంలో ఇంగ్లీషు నౌకలు సముద్రం దారి మూసేస్తే, లోపలినుంచి బ్రెస్త్ రేవుకు సరుకు చేర్చడానికని తవ్వించారు. 1811లో మొదలుపెట్టి 1842లో పూర్తిచేశారు. గ్లొమెల్ దగ్గర కొండను చీల్చిన పెద్ద కోత ఉంది, దాన్ని ఖైదీల చేత తవ్వించారు. ఆ కోత పక్కన సైకిల్ ఆపి చూస్తే పార, గడ్డపారలతో ఇంత మట్టి ఎలా తీశారా అనిపిస్తుంది.

గట్టు మీద ఇసుక, సన్న కంకర కలిపి గట్టిగా తొక్కించిన బాట. ఒకప్పుడు మనుషులు, గుర్రాలు తాడు కట్టి పడవలు లాగిన దారే అది. మా తాతగారు కాకినాడ కాలువలో పడవల మీద ధాన్యం తోలేవారు. ఆ పడవలు లాగేవాళ్ల కథలు వింటూ పెరిగాను. అందుకేనేమో, జొస్లాన్ కోట కింద లాకుల దగ్గర నిలబడితే నాకు ధవళేశ్వరం గుర్తొస్తుంది. ఇక్కడ ప్రతి లాకు దగ్గరా లాకు కాపరి ఇల్లు, ముందు పూల కుండీలు. ఎక్కుడు అంటే లాకు దగ్గర రెండు మూడు మీటర్లు, అంతే.

ఒక్క చోట జాగ్రత్త. గెర్లెదాన్ దగ్గర 1920లలో ఆనకట్ట కట్టడంతో కాలువ కొంత చెరువులో మునిగిపోయింది. అక్కడ చెరువు చుట్టూ తిరిగి వెళ్లాలి, ఎత్తుపల్లాలు ఉంటాయి. నువ్వు రదాన్ నుంచి మాలెత్రువా, జొస్లాన్, రొహాన్ దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. రదాన్‌లో పెద్ద రైల్వే స్టేషన్ ఉంది.

ప్రసాద్_పారిస్ | ఫిబ్రవరి 12

నాగేశ్వరరావు గారు చెప్పింది బాగుంది, కానీ లియాన్ నుంచి రదాన్ అంటే రానూపోనూ రెండు రోజులు రైల్లోనే పోతాయి. పైగా తేజేవే అనే హైస్పీడ్ రైళ్లలో విప్పని సైకిల్‌కి ముందే చోటు బుక్ చేయాలి, సెలవుల్లో అది దొరకడం కష్టం.

నా అభిప్రాయం వేరే. అసలు కార్లే ఉండకూడదన్న నియమం పెట్టుకుంటే ఫ్రాన్స్‌లో సగం అందం వదులుకున్నట్టే. లువార్ నది దారి చూడండి, 900 కిలోమీటర్లు. చాలా చోట్ల ఊరి రోడ్లే. గంటకి ఒకటో రెండో కార్లు వస్తాయి, వాళ్లు కూడా మెల్లగా వెళ్తారు. ఆ మాత్రం అలవాటు చేసుకుంటే భయం అదే పోతుంది.

సుధ_లియాన్ | ఫిబ్రవరి 12

ప్రసాద్ గారూ, మంచి మనసుతో చెప్పారని తెలుసు. కానీ గంటకి ఒక్క కారు వచ్చినా, ఆ గంటంతా నేను దానికోసమే చెవులు రిక్కించి ఉంటాను. నాకు ముందు ఆ ఎదురుచూపు పోవాలి. నాలుగు రోజులు చెవులకు విశ్రాంతి దొరికితే, తర్వాత ఊరి రోడ్ల సంగతి నేనే చూసుకుంటాను.

నాగేశ్వరరావు గారూ, మీ తాతగారి మాట చదివి మా ఊరి కాలువ కళ్లముందు కదిలింది. మీ కాలువ ఉన్న బ్రెతాన్ ప్రాంతానికి తప్పకుండా వస్తాను, కానీ ఈసారికి దూరమే.

మాధవి_గ్రెనోబుల్ | ఫిబ్రవరి 13

సుధా, నీకు కావలసింది లియాన్‌కి దగ్గర్లోనే ఉంది. ఆర్దేష్‌లో "దోల్చే వియా". నేను నాలుగుసార్లు వెళ్లాను, ఒకసారి మా పదేళ్ల అమ్మాయితో.

అది పాత మీటర్ గేజ్ రైలు కట్ట. 1968లో రైళ్లు ఆగిపోయాయి. ఎరియూ నది పక్కనే కొండల్లోకి ఎక్కుతూ పోతుంది. శాఖలన్నీ కలిపి 90 కిలోమీటర్లు. లా వూల్త్ దగ్గర, అంటే రోన్ నది ఒడ్డున మొదలై లె షైలార్ దాకా వెళ్తుంది. అక్కడినుంచి రెండు చీలికలు: ఒకటి లమాస్త్ర్ వైపు, ఇంకోటి సాంతగ్రేవ్ వైపు. సాంతగ్రేవ్ వెయ్యి మీటర్లకు పైన ఉంది. కింద రోన్ ఒడ్డు వంద మీటర్లు. అంత ఎత్తు అని బెదరకు. ఆవిరి బండి లాగగలిగినంత వాలు మాత్రమే వేశారు కాబట్టి ఎక్కడా మోకాళ్లు పట్టేయవు. చిన్న గేర్ వేసి, నీ ఊపిరికి తగ్గట్టు తొక్కుతూ పోవడమే. పక్కన రోడ్డు మీద కార్లు వంపులు తిరుగుతూ ఎక్కుతుంటాయి, మనం నది అవతల చెట్ల నీడలో ఉంటాం. రాళ్ల వంతెనలు, సొరంగాలు, చెస్ట్‌నట్ తోటలు. పాత స్టేషన్ భవనాలు ఇంకా ఉన్నాయి.

ఉన్నమాట చెప్పాలి, ఊళ్లు వచ్చిన చోట కొన్ని ముక్కల్లో స్థానికుల కార్లు వస్తాయి, కొన్ని రోడ్లు అడ్డంగా దాటాలి. లె షైలార్ ఊళ్లో వీధుల్లోంచే వెళ్లాలి. అవన్నీ నడక వేగంతో వెళ్లే ముక్కలు, కావాలంటే దిగి నడవచ్చు.

చేరడం: లియాన్ నుంచి వాలాన్స్ దాకా తేయేర్, అంటే ప్రాంతీయ రైలు. సైకిల్‌కి టికెట్ లేదు గానీ సైకిళ్లు తగిలించే కొక్కేలు తక్కువ, సెలవుల్లో పొద్దున్నే మొదటి బండికే వెళ్లండి. వాలాన్స్ నుంచి లా వూల్త్ దాకా వియారోనా, అంటే రోన్ నది వెంట వెళ్లే సైకిల్ దారి, సుమారు 20 కిలోమీటర్లు. లీవ్రోన్ స్టేషన్ ఇంకా దగ్గరే, కానీ అక్కడినుంచి వంతెన మీద మామూలు ట్రాఫిక్ ఉంటుంది. నీకు అది వద్దు.

శ్రీను_తులూజ్ | ఫిబ్రవరి 13

మాధవి గారు చెప్పింది సుధ గారికి సరిగ్గా సరిపోతుంది. తర్వాత చదివేవాళ్ల కోసం మా వైపు సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే "కెనాల్ దు మిది బాగుంటుంది" అని అందరూ చెప్తారు గానీ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు.

తులూజ్ నుంచి సెత్ దగ్గరి తావ్ ఉప్పునీటి సరస్సు దాకా 240 కిలోమీటర్లు. 1666 నుంచి 1681 దాకా తవ్వారు. ఈ పని తలపెట్టిన రికే, కాలువ తెరవడానికి కొన్ని నెలల ముందే 1680లో చనిపోయాడు. తులూజ్ నుంచి పోర్ లొరాగే దాకా 50 కిలోమీటర్లు నున్నటి తారు. ఆ తర్వాత కంకర, మట్టి. కార్కసోన్ దాటాక బాట సన్నబడుతుంది, ప్లేన్ చెట్ల వేళ్లు నేలమీద మోకులు పరిచినట్టు ఉంటాయి. 35 టైర్లతో నా మణికట్లు రెండు రోజులు నొప్పెట్టాయి. 45 వేశాక బాధ లేదు. ఇంకో విషయం, నీడను నమ్ముకుని జూలైలో రాకండి. 2006లో ఈ చెట్లకు ఒక బూజు తెగులు బయటపడింది. మందు లేదు, సోకిన చెట్టునూ దాని చుట్టుపక్కల చెట్లనూ కొట్టి తగలబెట్టడమే. మొత్తం నలభై రెండు వేల చెట్లలో వేలకు వేలు పోయాయి. కొత్త మొక్కలు నాటారు, అవి పెరగాలి. ఖాళీ అయిన గట్టు మీద మొదటిసారి తొక్కినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

గాలి కూడా చూసుకోండి. తులూజ్ వైపు ఆగ్నేయం నుంచి ఓతాన్, కార్కసోన్ వైపు పడమర నుంచి సెర్స్ వీస్తాయి. ఎదురుగాలి అయితే చదును నేల కూడా కొండే.

నిజానికి నాకు కాలువ కన్నా దానికి నీళ్లు తెచ్చే పిల్లకాలువ ఎక్కువ ఇష్టం. "రిగోల్ ద లా ప్లెన్" అంటారు. రెవెల్ దగ్గర కొండ కిందనుంచి నొరూజ్ దాకా సుమారు 40 కిలోమీటర్లు. పొలాల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది, మట్టి, సన్న కంకర, రెండువైపులా చెట్లు, పొద్దున్నే వెళ్తే కుందేళ్లు తప్ప ఎవరూ ఎదురవరు. నొరూజ్ దగ్గర నీళ్లు రెండుగా చీలి, ఒక పాయ అట్లాంటిక్ వైపు, ఇంకో పాయ మధ్యధరా వైపు పోతాయి. వాన పడిన మర్నాడు మాత్రం వెళ్లొద్దు, బురద చక్రానికీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుపోతుంది.

మరొకటి "పాసా పయీస్". మజామే నుంచి బెదారియూ దాకా పాత రైలు కట్ట, 80 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మొత్తం కంకరే. రెండు చివర్లా రైల్వే స్టేషన్లు ఉన్నాయి కాబట్టి వెనక్కి తిరగక్కర్లేదు. నడుమ లా ఫెనీల్ సొరంగం దాటగానే వాతావరణమే మారిపోతుంది. ఇటు తడి అడవి, అటు ద్రాక్షతోటలు, చెర్రీ చెట్లు. ఒలార్గ్ దగ్గర నది మీద పెద్ద ఇనుప వంతెన, దాన్ని అక్కడివాళ్లు ఐఫిల్ వంతెన అంటారు.

కిరణ్_హైదరాబాద్ | ఫిబ్రవరి 14

అన్నా, అక్కా, ఈ థ్రెడ్ మొత్తం చదివాను. నేను ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కుతాను. కార్లు లేకుండా తొక్కడమంటే ఏమిటో అక్కడే తెలిసింది. అక్టోబరు చివర్లో మా అన్నయ్య దగ్గరికి దిజాన్ వస్తున్నాను. బుర్గుండిలో అడవి దారులు తొక్కాలని ఉంది. ఆ నెలలో ఎలా ఉంటుంది?

మాధవి_గ్రెనోబుల్ | ఫిబ్రవరి 14

కిరణ్, అక్టోబరులో రంగులు చాలా బాగుంటాయి, కానీ అది వేట కాలం. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా అడవుల్లో తుపాకులతో అడవి పందుల కోసం, జింకల కోసం తిరుగుతారు. ఆదివారాలు మరీ ఎక్కువ. దారి పక్కన "షాస్ ఆన్ కూర్" (వేట జరుగుతోంది) అని బోర్డు కనిపిస్తే వెనక్కి తిరుగు. నారింజ రంగు జాకెట్ తప్పనిసరిగా వేసుకో. నేను ఆ నెలల్లో అడవి జోలికి వెళ్లను.

నువ్వు బుర్గుండి కాలువ గట్టు తొక్కు. దిజాన్ నుంచి నేరుగా ఎక్కొచ్చు, కొంత తారు, కొంత కంకర. లేదా జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పచ్చబాట ఉంది. 1997లో తెరిచారు, దేశంలో పాత రైలు కట్ట మీద వచ్చిన పచ్చబాటల్లో మొట్టమొదటిది. పూర్తిగా తారు, ద్రాక్షతోటల పక్కనే వెళ్తుంది. క్లూనీ దాటాక బ్వా క్లేర్ సొరంగం, 1600 మీటర్లు, లోపల చల్లగా ఉంటుంది. చలికాలంలో గబ్బిలాల కోసం దాన్ని మూసేస్తారు. ఎంత మంచి పనో.

సుధ_లియాన్ | ఫిబ్రవరి 16

దోల్చే వియాకే ఖాయం చేశాం. గదులు కూడా బుక్ అయ్యాయి. "అక్కేయ్ వెలో" గుర్తు ఉన్నవే చూశాను, సైకిళ్లు లోపల పెట్టుకోనిస్తామన్నారు. మావారి 35 టైర్లు సరిపోతాయా?

శ్రీను_తులూజ్ | ఫిబ్రవరి 16

ఎక్కేటప్పుడు సరిపోతాయి. దిగేటప్పుడు వేగం పెరిగితే విడి కంకర మీద జారతాయి. ఫ్రేములో పడితే 40 వేయించండి. గాలి కూడా రోడ్డు మీద కొట్టినంత కొట్టకండి. నేను 70 కిలోలు ఉంటాను, సామానుతో వెనక 40, ముందు 35 పీఎస్‌ఐ పెడతాను. రెండు స్పేర్ ట్యూబులు, సొరంగాల కోసం సైకిల్ ముందువైపు లైటు తీసుకెళ్లండి.

నాగేశ్వరరావు_నాంత్ | ఫిబ్రవరి 17

తిండి, నీళ్ల సంగతి నేను చెప్తాను. పల్లెల్లో మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా కొట్లు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ దొరకదు. కాబట్టి పొద్దున బేకరీ కనిపించగానే మధ్యాహ్నానికి కూడా కొనేయండి. నీళ్లు అయిపోతే ఊరి శ్మశానానికి వెళ్లండి. మనవాళ్లకు వినడానికి కొత్తగా ఉంటుంది గానీ, ఇక్కడ సమాధుల మీద పూలమొక్కలకు పోయడానికి కుళాయి ఉంటుంది. "నోన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు. బండికి గంట పెట్టుకోండి. పచ్చబాట మీద ముసలివాళ్లు, పిల్లలు నడుస్తుంటారు. దూరంనుంచే మోగించి, మెల్లగా దాటి, "బోంజూర్" అనండి.

సుధ_లియాన్ | మే 14

వెళ్లొచ్చాం. ఒక్కొక్క రోజు రాస్తాను.

మొదటి రోజు. పొద్దున బండిలో కొక్కేలన్నీ నిండిపోయి ఉన్నాయి. గార్డు దయతలచి తలుపు దగ్గర పెట్టుకోనిచ్చారు. వాలాన్స్ నుంచి వియారోనా మీద గాలి వెనకనుంచి నెట్టింది. లా వూల్త్ దాటి ఎరియూ లోయలోకి తిరిగాక కంకర మొదలైంది. టైర్ కింద ఆ కరకర చప్పుడు నాకు చాలా నచ్చింది. లెజోలియేర్‌లో పడుకున్నాం.

రెండో రోజు లె షైలార్ దాకా. ముప్పై కిలోమీటర్లే, కానీ రోజంతా పట్టింది, ఎందుకంటే ప్రతి వంతెన దగ్గరా ఆగాం. ఒకచోట నదిలో కాళ్లు పెట్టి కూర్చున్నాం. నీళ్లు ఐసులా ఉన్నాయి. అక్కడ కూర్చున్నప్పుడు గమనించాను, పొద్దుటినుంచి నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మూడో రోజు సామాను గదిలో వదిలి సాంతగ్రేవ్ ఎక్కాం. మాధవి అక్కా, మీరన్నట్టే, వాలు ఎక్కడా మారదు. రెండున్నర గంటలు ఒకే గేరులో తొక్కాను. పైకి వెళ్లేకొద్దీ చెస్ట్‌నట్ చెట్లు పోయి పైన్ చెట్లు వచ్చాయి, చలి పెరిగింది. పైన చెస్ట్‌నట్ జామ్ వేసిన అట్టు తిన్నాం. దిగేటప్పుడు మావారు ఒక మలుపులో జారి మోచేయి గీరుకున్నారు. శ్రీను గారు ముందే చెప్పారు, ఫ్రేములో 40 టైర్ పట్టలేదు, కాబట్టి మెల్లగా దిగాల్సింది. దెబ్బ చిన్నదే.

నాలుగో రోజు వాలాన్స్ దాకా 70 కిలోమీటర్లు, ఎక్కువ భాగం దిగుడే. లె షైలార్ వీధుల్లో మాత్రం వెనకనుంచి ఒక కారు వచ్చింది. చేతులు బిగుసుకున్నాయి, దాచను. కానీ దిగలేదు. అది నా వెనకే మెల్లగా వచ్చి, దారి వెడల్పయ్యాక దాటింది. ఆయన చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

ప్రసాద్_పారిస్ | మే 14

సుధ గారూ, చదివి చాలా సంతోషమేసింది. భయం అలవాటుతో పోతుందని నేను తేలిగ్గా అనేశాను. మీరు ఎంచుకున్న వరసే సరైనది. మా చెల్లెలు కూడా ఒక యాక్సిడెంటు తర్వాత సైకిల్ ముట్టలేదు. ఈ థ్రెడ్ తనకి పంపాను.

సుధ_లియాన్ | మే 15

ఆవిడని లియాన్ రమ్మనండి ప్రసాద్ గారూ. జూన్‌లో లమాస్త్ర్ చీలిక తొక్కడానికి మళ్లీ వెళ్తున్నాను, ఈసారి ఒక్కదాన్నే. తోడుంటే బాగుంటుంది. తన ఎత్తు చెప్తే సైకిల్ అద్దెకు చూసి పెడతాను.

నాగేశ్వరరావు గారూ, సెప్టెంబరులో రదాన్ నుంచి రొహాన్. రైలు టికెట్లతో పాటు సైకిళ్లకు చోట్లు కూడా బుకింగ్ తెరవగానే తీసుకుంటాను. మీరు ఆ లాకుల దాకా మాతో వస్తారా?

నాగేశ్వరరావు_నాంత్ | మే 15

వస్తానమ్మా. రదాన్‌లో దిగే బండి టైము చెప్పు, మీ పిన్నితో పులిహోర చేయించి స్టేషన్‌కే తెస్తాను.